పదిహేడో పాయింట్

మొదటి రాత్రి ఆయన నా మోడెమ్‌తో మాట్లాడాడు.
"అల్లో, అల్లో" అన్నాడు.
అది కీచుమంది. పెట్టేశాడు.

పన్నెండు దాటి ఇరవై నిమిషాలు.
పెత్రజవోద్స్క్‌లో మార్చి నెల ఇంకా మంచునే నములుతోంది.
ట్రాలీబస్ డిపోలో డ్యూటీ దిగొచ్చి
తడి బూట్లు రేడియేటర్ మీద ఆరేసి
ఒక పాత కంప్యూటర్‌కి కాపలా కూర్చున్నాను.

మళ్ళీ మోగింది. ఈసారి నేనే రిసీవర్ ఎత్తాను.
"ఇది బోర్డేనా?" ముసలి గొంతు, తడుముకోని గొంతు.
"బోర్డే. కానీ మాట్లాడాల్సింది మీరు కాదు, మీ మోడెమ్.
పిల్లాణ్ణి బడిలో దింపినట్టు
మీరు గేటు బయట నిలబడాలి, అంతే."

అర్హీప్ సవేల్యెవిచ్. అరవై ఆరేళ్ళు.
మేనకోడలి ఆఫీసు మూతపడుతూ
జీతానికి బదులు ఇచ్చిన కంప్యూటర్.
చితాలో ఒక స్నేహితుడు, ఉత్తరాల్లో చదరంగం.
ఇప్పుడు ఒక్కో ఉత్తరానికి నలభై రోజులు,
ఆట ఇరవైమూడో ఎత్తు దగ్గర ఆగిపోయింది.
"నా గుర్రం రెండు నెలలుగా గాల్లో ఉంది" అన్నాడు.

కొత్తవాణ్ణి చూస్తే మా కుర్రాళ్ళకు నోరూరుతుంది.
"నియమాలు చదువుకుని రా" అంటారు.
నియమాలేమో లోపల ఉన్నాయి,
తలుపేమో తెరుచుకోదు.
నన్నూ అలాగే అన్నారు మూడేళ్ళ కిందట.
మర్చిపోలేదు.

అందుకని కాగితం, పెన్సిలు తెచ్చుకోమన్నాను.
మన ఎక్స్ఛేంజ్ పాతది, డయలింగ్ పల్స్‌లో పెట్టండి.
అరగంట మించి లైను పట్టుకోకండి.
నాలుగు నుంచి ఐదు దాకా అసలు చెయ్యకండి,
ఆ గంటలో బోర్డులు ఒకదాని ఉత్తరాలు ఒకటి మోసుకుపోతాయి.
పగలు మాత్రం ఈ లైను నాది కాదు.
ఒకే తీగ, రెండిళ్ళు.
నేను మాట్లాడితే గోడవతల క్లావ్దియా ఫ్రోలొవ్నా ఫోను చచ్చిపోతుంది,
ఆవిడ బతికించుకోడానికి గోడ మీద గరిటెతో కొడుతుంది.

రెండో రాత్రి కలిసింది, తెగింది.
మూడో రాత్రి కలిసింది, తెర నిండా పిచ్చి అక్షరాలు.
నాలుగో రాత్రి నేను విసుక్కున్నాను,
ఎందుకు దాచాలి, విసుక్కున్నాను.
"మీ సెట్టింగులే తప్పు" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు.
"ఒకసారి దాన్ని అరవనివ్వండి, వింటాను" అన్నాడు.
అరవనిచ్చాను.
"రెండో ఈలకి వెనక చిటపట ఉంది.
మీ లైన్లో తడి. మెట్ల కింద పెట్టె చూడండి.
ముప్ఫై ఒక్కేళ్ళు తంతి ఆఫీసులో ఇదే విన్నాను."

టార్చి పట్టుకుని వెళ్ళాను.
మంచు కరిగి, పెట్టెలో నీళ్ళు.
స్పిరిట్‌తో తుడుస్తుంటే క్లావ్దియా నైట్‌గౌనులో వచ్చింది,
దొంగననుకుని, చేతిలో గరిటె.
తర్వాత టార్చి ఆవిడే పట్టుకుంది.
"మా అక్క గొంతు ముర్మాన్స్క్‌లో మునిగిపోయినట్టు వినిపించేది
ఇందుకేనా" అంది.

ఒంటిగంట నలభైకి ఆయన మోడెమ్ లోపలికొచ్చింది.
నా నోడ్ కింద పదిహేడో పాయింటు.
మొదటి ఉత్తరం ఇదీ:

చేరాను చుక్క గుర్రం ఎఫ్ ఐదు చుక్క
చితాకి పంపండి చుక్క స్త్రీకి కృతజ్ఞతలు గరిటెకి కూడా చుక్క

రాశాను: ఇక్కడ మాటకింత అని లెక్కలేదు,
ఎన్నయినా రాసుకోండి.
జవాబు: తెలుసు చుక్క అలవాటు చుక్క

కుర్రాళ్ళు ఇప్పుడు చుక్కలు పెట్టి రాసుకుంటున్నారు,
మొదట వెక్కిరింతకి, తర్వాత ఎందుకో వాళ్ళకే తెలీదు.
చితా నుంచి మూడు రోజులకి ఎత్తు వచ్చింది.
ఆయన మంత్రి పోయింది.

నిన్న రాత్రి ఎవరో అమ్మాయి,
"అల్లో, ఎవరైనా ఉన్నారా?"
నాకు తెల్లారితే డ్యూటీ, కళ్ళు మూతపడుతున్నాయి.
ఆయన నంబరిచ్చాను.
పగలు చెయ్యమ్మా. నీ మోడెమ్ అరుపు కూడా వినిపించు.
మాటలు తక్కువ వాడతాడు,
భయపడకు.